పన్నెండేళ్ళ ఇంటి కంప్యూటర్: వీణ రికార్డింగుకి ఉంచాలా, పిల్లాడి గేమ్స్ కోసం మార్చాలా?

వీణపాఠం (సత్యనారాయణపురం, విజయవాడ)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 2014లో అసెంబుల్ చేయించిన కంప్యూటర్ ఉంది. ఐ5-4460 ప్రాసెసర్, హెచ్81 బోర్డు, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్ (ఒకటే స్టిక్), 1 టీబీ హార్డ్ డిస్క్, జీటీఎక్స్ 750 టీఐ గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్లని రాసి ఉన్న లోకల్ ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే డబ్బా). విండోస్ 10. ఆన్ చేశాక మౌస్ మాట వినడానికి చాలాసేపు పడుతోంది.

నేను వీణ నేర్పుతాను. సాయంత్రాలు ఇంట్లో, ఉదయాలు అమెరికాలో ఉన్న పిల్లలకి ఆన్‌లైన్‌లో. కృతులు రికార్డు చేసి వాళ్ళకి పంపాలి. ఫోన్‌లో చేస్తే మంద్ర స్థాయి సరిగ్గా వినపడడం లేదు. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. పరీక్షలయ్యాక ఫ్రెండ్స్‌తో వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 ఆడుకుంటానంటున్నాడు. రెండేళ్ళు కాలేజీ, స్టడీ అవర్లు అంటూ గడిపిన పిల్లాడు, కాదనాలని లేదు.

షాపులో అడిగితే మొత్తం తీసేయమన్నారు. బడ్జెట్ ముప్పై వేలు, మరీ అవసరమైతే ముప్పై ఐదు. రెండు పనులకీ ఏది మంచిదో తెలిసినవాళ్ళు చెప్పండి.


బెంజిసర్కిల్_గేమర్ (విజయవాడ)

అక్కా, షాపు వాళ్ళు చెప్పింది కరెక్టే. పన్నెండేళ్ళ సిస్టం మీద రూపాయి పెట్టినా దండగ. ఇంకో పాతిక వేలు కలిపి గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకోండి. రికార్డింగూ అందులోనే అయిపోతుంది.


బ్రాడీపేట_సర్వీస్ (గుంటూరు)

దండగ అనేముందు డబ్బా విప్పి చూడాలి కదా తమ్ముడూ.

మేడమ్, నేను చాలా ఏళ్ళుగా చేస్తున్నది ఈ పనే. మీరు చెప్పిన లక్షణానికి నూటికి తొంభై సార్లు ప్రాసెసర్ కారణం కాదు, హార్డ్ డిస్కు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో డిస్క్ దగ్గర 100 శాతం చూపిస్తూ సీపీయూ దగ్గర పదో ఇరవయ్యో ఉంటే విషయం తేలిపోయినట్టే. తిరిగే డిస్కు పెద్ద ఫైలు చదివేటప్పుడు సెకనుకి 100 నుంచి 150 ఎంబీ ఇస్తుంది కానీ, విండోస్ లేచేటప్పుడు చదివేవన్నీ వేల కొద్దీ చిన్న ఫైళ్ళు. అక్కడ దాని స్పీడు ఒకటి రెండు ఎంబీలకి పడిపోతుంది. తిరిగే భాగాలే లేని సాటా ఎస్ఎస్‌డీకి ఆ ఇబ్బంది లేదు. మీ హెచ్81 బోర్డు మీద నాలుగు సాటా పోర్టుల్లో రెండే సెకనుకి 6 గిగాబిట్ల స్పీడువి, ఎస్ఎస్‌డీని వాటిలోనే పెట్టించండి. చాలా బోర్డుల మీద రంగు తేడా ఉంటుంది.

రెండోది దుమ్ము. మా దగ్గరికి మిర్చి యార్డు వైపు షాపుల నుంచి సీపీయూలు వస్తాయి. హీట్ సింక్ రెక్కల మధ్య ఎర్రటి పొర పేరుకుని గాలి పోవడానికి దారే ఉండదు. మీది అంత ఉండకపోయినా పన్నెండేళ్ళ దుమ్ము దుమ్మే. ప్రాసెసర్ మీద థర్మల్ పేస్టు కూడా ఈపాటికి ఎండిపోయి సున్నంలా అయి ఉంటుంది. మే నెలలో మన గదుల్లోనే నలభై డిగ్రీలు ఉంటే లోపల ఎంత ఉంటుందో ఆలోచించండి. నూరు డిగ్రీలకి దగ్గరైతే ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి స్పీడు తగ్గించేసుకుంటుంది. బ్లోయర్ కొట్టించి కొత్త పేస్టు పెట్టిస్తే అయ్యే ఖర్చు కొన్ని వందలు.

మూడోది, అన్నిటికంటే ముఖ్యం, ఆ లోకల్ ఎస్ఎంపీఎస్. దాన్ని మాత్రం తీసేయండి. ఫ్యూజు పోయినట్టు అదొక్కటే పోతే ఫర్వాలేదు, పోతూ పోతూ బోర్డునీ డిస్కునీ తీసుకుపోయే రకం అది. 80 ప్లస్ ముద్ర (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తు) ఉన్న మంచి కంపెనీది 450 వాట్లు చాలు.

పనిలో పనిగా బోర్డు మీద సీఆర్2032 సెల్ కూడా మార్పించండి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ టైము వెనక్కి పోతుంటే కారణం అదే.


లబ్బీపేట_మైక్ (విజయవాడ)

వీణపాఠం గారూ, నేను చిన్న స్టూడియో నడుపుతాను. ఎక్కువగా భక్తి గీతాలు, డబ్బింగు. సంగీతం వరకు చెప్తాను, గేమ్స్ సంగతి వేరేవాళ్ళు చెప్తారు.

మీ ఐ5 వీణ రికార్డింగుకి సరిపోతుంది. మొహమాటానికి చెప్పడం లేదు. సినిమా పాటకి వంద ట్రాకులు పెట్టి, ఒక్కోదాని మీద నాలుగు ఎఫెక్టులు వేసేవాళ్ళకి ప్రాసెసర్ బలం కావాలి. మీకు వీణ ఒక ట్రాకు, తంబుర ఒకటి, ఎప్పుడైనా మృదంగం ఒకటి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక మోనో ట్రాకు గంటసేపు రికార్డు చేస్తే 520 ఎంబీ లోపు. డిస్కుకి కూడా ఇది బరువు కాదు.

మీకు లేనిది ఆడియో ఇంటర్‌ఫేస్. బోర్డు వెనక గులాబీ రంగు మైకు సాకెట్‌లో ఎంత మంచి మైకు పెట్టినా లోపలి ఫ్యాన్ల, కార్డుల కరెంటు రొద అందులో కలుస్తుంది. కండెన్సర్ మైకుకి కావలసిన 48 వోల్టులు ఆ సాకెట్ ఇవ్వదు కూడా. ఒకటి లేదా రెండు మైకులు పెట్టుకునే యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ తీసుకోండి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో, బెరింజర్ యూఎంసీ22 లాంటివి. మీ బడ్జెట్‌లో డబ్బు పెట్టాల్సింది ముందు దీని మీద, తర్వాత మైకు మీద. ఈ రెండూ రేపు కంప్యూటర్ మార్చినా మీతో వస్తాయి.

లేటెన్సీ అనే మాట చాలామంది భయపెట్టేలా చెప్తారు. మీరు మీటిన స్వరం కంప్యూటర్‌లోకి వెళ్ళి మళ్ళీ హెడ్‌ఫోన్‌లో వినపడే లోపు పట్టే సమయం అది. బఫర్ 128 శాంపిళ్ళు, 48 కిలోహెర్ట్జ్ పెడితే ఒక వైపుకి 2.7 మిల్లీసెకన్లు, 512 పెడితే 10.7. విండోస్‌లో ఏసియో డ్రైవర్ (ఆలస్యం తగ్గించే ఆడియో డ్రైవర్) వేస్తే పాత మెషీన్‌లో కూడా 256 దగ్గర నిలబడుతుంది. అసలు మీకు ఆ అవసరమే రాదు. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ అని బటన్ ఉంటుంది, అది నొక్కితే మీ వీణ కంప్యూటర్‌లోకి వెళ్ళకుండానే హెడ్‌ఫోన్‌కి వస్తుంది.

మైకు ఎక్కడ పెట్టాలి అన్నది నాకు చాలా ఇష్టమైన విషయం. చాలామంది వీణ మెట్ల దగ్గర పెడతారు, గోటి చప్పుడే ఎక్కువ వస్తుంది. కుండకి ఎదురుగా, కొంచెం పైనుంచి, మూరెడు దూరంలో పెట్టి చూడండి. తర్వాత బెత్తెడు బెత్తెడుగా జరుపుతూ వినండి. గమకం లాగినప్పుడు తీగ సాగిన గుణం పూర్తిగా వినపడే చోటు ఒకటి ఉంటుంది, అక్కడ ఆపండి. మంద్రం పలచగా ఉందని ఈక్వలైజర్‌తో పెంచకండి, మైకుని జరిపితే వచ్చే మంద్రం వేరు.

కంప్యూటర్‌ని మాత్రం ఆ గదిలో ఉంచకండి. యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్ల వరకు పనిచేస్తుంది. సీపీయూని పక్క గదిలో పెట్టి, గోడ అవతల నుంచి కేబుల్ తెచ్చుకుంటే ఫ్యాన్ మోత పోతుంది. సీలింగ్ ఫ్యాన్ ఆపాలి కాబట్టి వేసవిలో తెల్లవారుజామునే కూర్చోవాలి. ఏలూరు రోడ్డు హారన్లు మొదలయ్యేలోపు అయిపోతే రికార్డింగు శుభ్రంగా వస్తుంది.


వీణపాఠం

మైకు గురించి ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదండీ, చాలా సంతోషం. ఇంకో సందేహం. ఆన్‌లైన్ క్లాసులో నేను శ్రుతి పెట్టి వాయిస్తుంటే అవతలి పిల్లలకి తంబుర మొదట రెండు క్షణాలు వినపడి మాయమవుతోందట. వీణ కూడా స్వరం మీటగానే వినపడి, కార్వై (స్వరం సాగడం) ఉండగానే ఆగిపోతోందట. ఇది కంప్యూటర్ పాతబడడం వల్లనా, నెట్ వల్లనా?


లబ్బీపేట_మైక్

రెండూ కాదు. మీటింగ్ యాప్‌లో ఉండే నాయిస్ సప్రెషన్ చేస్తున్న పని. మనిషి మాటని ఉంచి, మారకుండా ఒకే తీరుగా మోగేదాన్ని ఏసీ మోత అనో ఫ్యాన్ మోత అనో తీసేయడం దాని లెక్క. తంబుర సరిగ్గా అలాగే మోగుతుంది కదా. జూమ్ అయితే ఆడియో సెట్టింగ్స్‌లో ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్’ అని ఉంది, అది ఆన్ చేసి ఎకో క్యాన్సిలేషన్ ఆపండి. ఎకో ఆపినప్పుడు మీరు స్పీకర్లు వాడకూడదు, హెడ్‌ఫోన్ తప్పనిసరి. అవతలి పిల్లలు కూడా వాళ్ళ వైపు ఇదే పెట్టుకోవాలి, లేకపోతే వాళ్ళ శ్రుతి మీకు వినపడదు.

మన ఊళ్ళో సంగీతం పాఠం ఇలా సగం తెగి వినపడడం నాకు బాధగా ఉంటుంది. 1948 డిసెంబరు 1న రేడియో స్టేషన్ మొదలైనప్పటి నుంచి ఇంటింటా తెల్లవారుజామున శ్రుతి వింటూ పెరిగిన ఊరు ఇది. బాలమురళీకృష్ణ గారు మొదటి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన సంగీత కళాశాల ఉన్న ఊరు. ఒక్క సెట్టింగు తెలియక ఎంతమంది టీచర్లు ఇలా ఇబ్బంది పడుతున్నారో.


వీణపాఠం

ఇందాకే ఒక విద్యార్థితో పెట్టి చూశాను. తంబుర నిలకడగా వినపడుతోందన్నది. థాంక్సండీ.


పెంగ్విన్_పటమట (విజయవాడ)

అక్కా, హార్డ్‌వేర్ గురించి అందరూ చెప్పారు, విండోస్ గురించి నేను చెప్తాను. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14న ఆగిపోయింది. మీది నాలుగో తరం ఐ5. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కూడా కావాలి. కాబట్టి మీ మెషీన్‌కి అది లేదు.

ఉన్న దారులు రెండు. ఒకటి, విండోస్ 10కి ఇచ్చే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టకుండానే 2026 అక్టోబరు 13 వరకు వస్తాయి. అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకునే లింకు కనపడుతుంది, విండోస్ 10 22హెచ్2 వెర్షన్ అయి ఉండాలి. రెండు, లినక్స్ మింట్. మింట్ 22కి 2029 వరకు అప్‌డేట్లు ఉన్నాయి. జూమ్, బ్రౌజర్, ఆడాసిటీ, ఆర్డర్ (Ardour), రీపర్ లాంటి రికార్డింగు ప్రోగ్రాములు అన్నీ దాంట్లో నడుస్తాయి. స్కార్లెట్ లాంటి ఇంటర్‌ఫేస్‌లకి డ్రైవర్ వెయ్యక్కర్లేదు, కేబుల్ పెట్టగానే పట్టుకుంటుంది.

డబ్బులు తీసుకుని ‘విండోస్ 11 ఎక్కిస్తాం’ అనేవాళ్ళు ఉంటారు. టీపీఎం చెక్ దాటించి ఎక్కించడం కుదురుతుంది, కానీ అలా ఎక్కించిన దాంట్లో వాలరెంట్ ఓపెన్ అవదు. విండోస్ 11లో ఆ గేమ్ యాంటీ చీట్ (మోసాన్ని పట్టే ప్రోగ్రాం) టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ అడుగుతుంది. విండోస్ 10లో అయితే అడగదు. మీ అబ్బాయికి ఇది ముందే చెప్పండి.


అరండల్‌పేట_ఎఫ్‌పీఎస్ (గుంటూరు)

గేమ్స్ సంగతి నేను చెప్తా మేడమ్. వాలరెంట్ తేలికైన గేమ్, మీ కార్డు మీద బాగానే నడుస్తుంది. సీఎస్2 అలా కాదు. అది ప్రాసెసర్‌ని బాగా వాడుకుంటుంది. మీ ఐ5కి నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు. పదిమంది ఒకచోట చేరి స్మోకులు వేస్తే ఫ్రేములు పడిపోతాయి. అక్కడ గ్రాఫిక్స్ కార్డు మార్చినా పెద్దగా ఫలితం ఉండదు. అదే సాకెట్‌లో కూర్చునే ఐ7-4770 గానీ, జియాన్ ఈ3-1231 వీ3 గానీ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే ఎనిమిది థ్రెడ్లు వస్తాయి. ముందు బోర్డు కంపెనీ సైట్‌లో సపోర్ట్ లిస్ట్ చూసి, బయోస్ (బోర్డు లోపలి ప్రోగ్రాం) అప్‌డేట్ చేశాకే కొనాలి.

కార్డు విషయంలో ఒక జాగ్రత్త. షాపులో రేడియన్ ఆర్ఎక్స్ 6400 చూపించి ‘కొత్తది, వారంటీ ఉంది’ అంటారు. మంచి కార్డే, కానీ దానికి ఉన్నవి నాలుగు పీసీఐ లేన్లే (కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా దారులు). హెచ్81 బోర్డు ఇచ్చేది పీసీఐ 2.0 స్పీడు. నాలుగు లేన్లు, పాత స్పీడు కలిస్తే ఆ కార్డు సగం చేతులు కట్టేసినట్టే. ఈ బోర్డుకి పదహారు లేన్ల జీటీఎక్స్ 1650 సరైన జోడీ. 75 వాట్లు, చాలా మోడళ్ళకి విడిగా పవర్ కేబుల్ కూడా అక్కర్లేదు. 750 టీఐ, 1050 టీఐ తరాలకి ఎన్‌విడియా 2025 అక్టోబరుతో గేమ్ డ్రైవర్లు ఆపేసింది, 2028 అక్టోబరు వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే. 1650కి ఇంకా వస్తున్నాయి. ఆర్ఎక్స్ 570, 580 చవగ్గా వస్తున్నాయని తీసుకోకండి, మైనింగులో రాత్రీ పగలూ నడిచినవి మార్కెట్‌లో చాలా ఉన్నాయి. కరెంటూ ఎక్కువ తాగుతాయి.


బెంజిసర్కిల్_గేమర్

అన్నా, ఎస్ఎస్‌డీ, ర్యామ్, ఎస్ఎంపీఎస్, ఐ7, 1650 అన్నీ కలిపితే పదిహేను, ఇరవై వేలు దాటిపోదా? అంత పెట్టాక కూడా డీడీఆర్3 బోర్డే. నేను అడిగేది ఇదే. అన్నీ పాత బోర్డు మీదే పోస్తే రేపు ఆ బోర్డు పోతే?


అరండల్‌పేట_ఎఫ్‌పీఎస్

అది న్యాయమైన ప్రశ్న. గేమ్స్ కోసమే అయితే నేనూ ఈ బోర్డు మీద అంత పెట్టను. ఎనిమిదో తరం ఐ5-8500 ఉన్న ఆఫీసు మెషీన్లు లీజు అయిపోయాక రీఫర్బిష్డ్‌గా వస్తాయి. ఆరు కోర్లు, విండోస్ 11 అధికారికంగా వస్తుంది. అది తీసుకుని 1650 పెడితే ఇంటర్ కుర్రాడికి సరిపోతుంది. కొనేటప్పుడు సన్న డబ్బా కాకుండా టవర్ మోడల్ అడగాలి. సన్న వాటిలో పొట్టి కార్డులే పడతాయి, ఎస్ఎంపీఎస్ కూడా ఆ కంపెనీదే దొరకాలి.

పూర్తిగా కొత్తది కట్టించాలంటే మాత్రం ఇది మంచి సమయం కాదు. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ చిప్‌లన్నీ అటు పోతుండడంతో 2025 చివర్నుంచి ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి. మైక్రాన్ అయితే క్రూషియల్ బ్రాండుతో మనలాంటివాళ్ళకి అమ్మడమే ఆపేస్తామని డిసెంబరులో చెప్పేసింది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అడిగినా, ఇక్కడ అడిగినా రేటు వారం వారం మారుతోంది.


వీణపాఠం

నమస్తే అండీ, నేను వాళ్ళబ్బాయిని. అమ్మ అకౌంట్ నుంచే రాస్తున్నా, అమ్మకి చెప్పే.

నాకు ముఖ్యంగా వాలరెంటే. ఫ్రెండ్స్ అందరూ అదే ఆడతారు. సీఎస్2 బాగుంటే బాగుంటుంది, లేకపోయినా పర్లేదు. ఇంకొకటి అమ్మ రాయలేదు, నేను ఎల్ఎంఎంఎస్ అనే మ్యూజిక్ ప్రోగ్రాంలో బీట్స్ చేస్తాను. అమ్మ వాయించిన హంసధ్వని ఫోన్‌లో రికార్డు చేసి కింద బీట్ పెట్టాను, కానీ ఫోన్ రికార్డింగ్ కాబట్టి వీణ రేకు డబ్బాలా వినపడుతోంది. ఇంటర్‌ఫేస్ కొంటే నాకు కూడా ఉపయోగమే. గేమ్ కోసం డబ్బు తక్కువైనా అది కొనమని అమ్మకి చెప్పాను.


లబ్బీపేట_మైక్

బాబూ, చాలా మంచి మాట చెప్పావు. పరీక్షలయ్యాక ఆ ట్రాకు నాకు పంపు, నేను విని మిక్సింగు సంగతి చెప్తాను. ముందు అమ్మ వాయించేటప్పుడు క్లిక్ ట్రాకు హెడ్‌ఫోన్‌లో పెట్టు. కాలప్రమాణం కంప్యూటర్‌కి కలిస్తే తర్వాత కొయ్యడం, అతికించడం తగ్గుతుంది. కానీ అమ్మకి క్లిక్ ఇబ్బందిగా ఉంటే బలవంతం చెయ్యకు. ఆమె వాయించిన దాని వెనక నీ బీట్‌ని నడిపించు. కష్టమైన పనే, వచ్చే ఫలితం చాలా బాగుంటుంది.


బ్రాడీపేట_సర్వీస్

అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం అన్నారు కదా మేడమ్. ఇంకో మూడు నాలుగు నెలల్లో బీటెక్కో మరొకటో చేరతాడు. ఎక్కడ చేరినా ల్యాప్‌టాప్ కొనాల్సిందే, హాస్టల్ అయితే మరీను. అలాంటప్పుడు ఇప్పుడు గేమింగ్ డెస్క్‌టాప్ కట్టించి అతను వెళ్ళాక మూల పెట్టుకోవడం ఎందుకు? ఇప్పుడు ఈ డబ్బాని సంగీతానికి సరిపడా బాగు చేయించి, మిగిలిన డబ్బు ఆ ల్యాప్‌టాప్‌కి దాచండి. అప్పుడు బ్రాంచిని బట్టి గ్రాఫిక్స్ కార్డు ఉన్నది తీసుకోవచ్చు. 1650, ఐ7 రెండూ వదిలేయండి.


బెంజిసర్కిల్_గేమర్

ఇది నాకు తట్టలేదన్నా. ఇంట్లో బీటెక్ ల్యాప్‌టాప్ ఖర్చు ఎదురుగా ఉంటే ఇప్పుడు పెట్టకపోవడమే కరెక్టు. అయినా ల్యాప్‌టాప్ కొనేటప్పుడు 8 జీబీ ర్యామ్‌తో సరిపెట్టకండి అక్కా, 16 ఉన్నదే తీసుకోండి. కొన్ని మోడళ్ళలో ర్యామ్ బోర్డుకి అతికేసి ఉంటుంది, తర్వాత పెంచడం కుదరదు.


రిటైర్డ్_ఎలక్ట్రికల్ (కొత్తపేట, గుంటూరు)

అమ్మా, మీరు స్పీకర్లలో గుంయ్ మనే మోత ఉందో లేదో రాయలేదు. ఉంటే ఇంటర్‌ఫేస్ కొన్నా పోదు. మన వైపు పాత ఇళ్ళలో ఎర్తింగ్ పేరుకే ఉంటుంది. మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది, వెనక ఎర్త్ వైరు ఉండదు, లేదా గొయ్యి ఎండిపోయి ఉంటుంది. ఉప్పు, బొగ్గు వేసి కట్టిన ఎర్త్ పిట్‌లో వేసవిలో నీళ్ళు పోస్తుండాలి. ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజి చూపించండి. రెండు మూడు వోల్టులు దాటితే సరిచేయించాలి.

కంప్యూటర్, ఇంటర్‌ఫేస్, యాంప్లిఫయర్ అన్నీ ఒకే బోర్డు నుంచి తీసుకోండి. వేర్వేరు సాకెట్లలో పెడితే ఎర్త్ రెండు దారుల్లో తిరిగి మోత వస్తుంది. మోత పోవడానికి ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్ళున్నారు. ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చెయ్యొద్దు. సీపీయూ డబ్బా మీద చెయ్యి పెడితే షాకు కొట్టే ఇళ్ళు చాలా చూశాను. పిల్లలు తిరిగే ఇల్లు.


వీణపాఠం

మాస్టారూ, మోత ఉంది. స్పీకర్ల వల్ల అనుకున్నాం. డబ్బా మీద చెయ్యి పెడితే సన్నగా జివ్వుమంటుంది కూడా. రేపే ఎలక్ట్రీషియన్‌ని పిలిపిస్తాను.


సింగ్‌నగర్ (విజయవాడ)

ఆలస్యంగా చూశాను. ఒక్క విషయం చెప్పి వెళ్తాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా కింద వాటాలో టేబుల్ మీద ఉన్న సీపీయూ కూడా మునిగింది. నీళ్ళు తీశాక చాలామంది డిస్కు ఎండబెట్టి కరెంటు పెట్టి చూశారు. బురద లోపల ఉండగా ప్లేటు తిరిగితే గీతలు పడి ఉన్నది కూడా పోతుంది. మాకు తెలిసిన ఒకాయన ఆపాడు కాబట్టి మేము కరెంటు పెట్టకుండా డేటా రికవరీకి పంపాం. ఖర్చు బాగా అయింది, నాన్నగారి గొంతు ఉన్న ఫైళ్ళు మాత్రం కొన్ని వచ్చాయి.

మీరు రికార్డు చేసేవి పాఠాలు. కొత్త ఎస్ఎస్‌డీ వేశాక పాత 1 టీబీ డిస్కుని కాపీల కోసం మాత్రమే ఉంచండి, అదీ ఆరోగ్యంగా ఉందో లేదో క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రాంలో చూశాకే. ఇంకో కాపీ ఇంట్లో కాకుండా వేరే చోట, మీ అక్క గారింట్లోనో, క్లౌడ్‌లోనో ఉండాలి. ఒకే గదిలో ఉన్న రెండు కాపీలు నీళ్ళొచ్చిన రోజు ఒక్క కాపీ కిందే లెక్క.


పెంగ్విన్_పటమట

అన్న చెప్పింది అక్షరాలా నిజం. నా వైపు నుంచి ఒక సూచన. రెండు ఎస్ఎస్‌డీలు వేయించండి, రెండూ చిన్నవే చాలు. ఒకదాంట్లో మింట్, అది అమ్మ క్లాసులకీ రికార్డింగుకీ. రెండోదాంట్లో విండోస్ 10, అదనపు అప్‌డేట్లు నమోదు చేసి, అబ్బాయి వాలరెంట్‌కి మాత్రమే. ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూలో ఏది కావాలో ఎంచుకుంటే సరి, బోర్డుని బట్టి ఎఫ్8, ఎఫ్11, ఎఫ్12లో ఒకటి ఉంటుంది. మింట్ ఎక్కించేటప్పుడు విండోస్ డిస్కు కేబుల్ పీకి ఉంచండి, ఒకదాని జోలికి ఒకటి రాదు. అక్టోబరు తర్వాత విండోస్ డిస్కు తుడిచేస్తే అయిపోతుంది. రెండు వేర్వేరు డిస్కులు కాబట్టి పాఠాలకి ఏమీ కాదు.


అరండల్‌పేట_ఎఫ్‌పీఎస్

దీన్ని ఇరవై నాలుగ్గంటలూ నడిచే మ్యూజిక్ సర్వర్ చెయ్యొచ్చని ఎవరైనా చెప్తారేమో, ముందే లెక్క చెప్తున్నా. ఊరికే ఆన్‌లో ఉంటే 50 వాట్లు అనుకున్నా రోజుకి 1.2 యూనిట్లు, నెలకి 36. ఆ స్లాబు మారితే బిల్లు తెలుస్తుంది. పని ఉన్నప్పుడే ఆన్ చేసుకోండి.


వీణపాఠం

అందరూ చెప్పిన దాన్ని బట్టి నిర్ణయం తీసుకున్నాం. రెండు ఎస్ఎస్‌డీలు, ఇంకో 8 జీబీ ర్యామ్, మంచి ఎస్ఎంపీఎస్, సర్వీసు. ఒక మైకు, ఇంటర్‌ఫేస్. గ్రాఫిక్స్ కార్డు వద్దు. మిగిలింది ల్యాప్‌టాప్‌కి దాస్తున్నాం. అబ్బాయి ఒప్పుకున్నాడు. ఎర్త్ వైరు బోర్డులోనే ఊడిపోయి ఉందట, కలిపాక మోత చాలా తగ్గింది, జివ్వుమనడం పోయింది. గవర్నరుపేటలో ఎస్ఎస్‌డీ వేయించుకొచ్చాం, ఇప్పుడు ఆన్ చేస్తే అర నిమిషం కూడా పట్టడం లేదు.

ఇక ఆఖరి ప్రశ్న. మా గురువుగారి పాఠాల క్యాసెట్లు సుమారు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. కొన్ని సీ-60, ఎక్కువ సీ-90. అవి ఈ కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవచ్చా?


టేపులపెట్టె (కృష్ణలంక, విజయవాడ)

తప్పకుండా అమ్మా, ఇంక ఆలస్యం చెయ్యొద్దు. మన ఉక్కపోతకి టేపు మీద తెల్లగా బూజు పడుతుంది. క్యాసెట్ కిటికీ లోంచి చూడండి, అంచుల్లో తెల్ల మచ్చలుంటే దాన్ని ప్లేయర్‌లో పెట్టకండి. ఆ బూజు హెడ్డుకి అంటుకుని మిగతా క్యాసెట్లకీ పాకుతుంది. వాటిని విడిగా పెట్టండి, శుభ్రం చేసే పద్ధతి వేరు.

బాగున్న వాటిని ముందు ఒకసారి చివరిదాకా ఫార్వర్డు చేసి, వెనక్కి తిప్పండి. ఏళ్ళ తరబడి బిగుసుకుపోయిన టేపు వదులవుతుంది. డెక్ లైన్ అవుట్ నుంచి మీ ఇంటర్‌ఫేస్‌కి కేబుల్. టేపు స్టీరియో అయితే రెండు లైన్ ఇన్‌పుట్లు ఉండాలి. ఒకటే ఉంటే కంప్యూటర్ వెనక నీలం రంగు లైన్ ఇన్ సాకెట్ వాడొచ్చు, అది మైకు సాకెట్ అంత అధ్వాన్నం కాదు. ఆడాసిటీలో లెవెల్ ఎప్పుడూ మైనస్ 6 డెసిబెల్ దాటనివ్వకండి. హిస్ తగ్గించే ఎఫెక్టు అసలు కాపీ మీద వెయ్యొద్దు. గురువుగారి గొంతులో ఊపిరి కూడా దాంతో పోతుంది. ముట్టుకోని కాపీ ఒకటి ఫ్లాక్‌లో (నాణ్యత తగ్గించని ఫైలు రకం) ఉంచి, పిల్లలకి పంపేదాని మీదే ఏం చేసినా చెయ్యండి.

మీ దగ్గర డెక్ ఉందా?


వీణపాఠం

పాత టూ ఇన్ వన్ ఉందండీ, బెల్టు తెగిపోయింది.


టేపులపెట్టె

దాంతో వద్దు. నా దగ్గర డెక్ ఉంది, స్పీడు సరిచేసి పెట్టుకున్నాను. కావాలంటే ఒక నెల మీ ఇంట్లోనే ఉంచుకోండి. ఆదివారం పదింటికి తీసుకొస్తాను, హెడ్డు తుడిచే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది నేనే తెస్తాను. అబ్బాయిని ఉండమనండి, హెడ్డు ఎలా తుడవాలో, హెడ్డు వాలు సరిచేసే అజిమత్ స్క్రూ ఎలా తిప్పాలో చూపిస్తాను. ఆ లోపు క్యాసెట్ల మీద ఉన్న తేదీలు, రాగాల పేర్లు ఒక పుస్తకంలో రాసి ఉంచండి, ఫైళ్ళకి అవే పేర్లు పెడదాం.


వీణపాఠం

ఆదివారం తప్పకుండా రండి. భోజనం మా ఇంట్లోనే. అబ్బాయి ఇప్పటికే నోట్‌బుక్ తీసి మొదటి వరుస రాస్తున్నాడు.